లైటు బంద్ చేసి చూడు

మా మేడమ్ పోయిన కబురు నాకు వేరుశనగ కుండీలు తూస్తుండగా తెలిసింది. మంగళవారం పొద్దున ఏడున్నర. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఉన్న భవనం పైకప్పు మీద ఆకుపచ్చ వల కప్పిన చిన్న షెడ్డు ఒకటుంది. అందులో ముప్పై కుండీలు. రోజూ పొద్దున ఒక్కోదాన్నీ కాటా మీద పెట్టి, నిన్నటికంటే ఎంత బరువు తగ్గిందో రాసుకుని, సరిగ్గా అన్ని నీళ్లు పోయాలి. పదహారో కుండీ కాటా మీద ఉండగా మేడమ్ చెల్లెలు ఫోన్ చేశారు.

"అక్క ఇగ లేదమ్మా. తెల్లారంగ పోయింది," అన్నారు. ఆమె ఏడవడం లేదు. ఏడుపంతా అయిపోయిన గొంతు అది.

నేనేం జవాబు చెప్పానో గుర్తు లేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాక చూస్తే ఇంకా పద్నాలుగు కుండీలున్నాయి. తూచాను. అన్నిటికీ నీళ్లు పోశాను. సగంలో వదిలేసి వెళ్తే మేడమ్ ఊరుకోరు. ఆ రోజు అంకెలు పుస్తకంలో ఉన్నాయి. రాసింది నేనే అయినా అది నా రాతలా లేదు.

మా పనేమిటో ముందు చెప్పాలి, లేకపోతే మేడమ్ ఎలాంటి మనిషో చెప్పలేను. మేం కంప్యూటర్లో మొక్కను కడతాం. బొమ్మ గీయడం కాదు. ఆకు లోపల ప్రతి క్షణం వేల రసాయన మార్పులు జరుగుతుంటాయి. గాలిలోంచి తీసుకున్నది చక్కెర అవుతుంది, చక్కెర పిండి అవుతుంది, పిండి మళ్లీ కరిగి వేరుకూ కాయకూ పోతుంది. ఒక్కో మార్పునూ ఒక్కో సమీకరణంగా రాసి, అన్నిటినీ ముడివేసి, ఇంత వెలుతురూ ఇన్ని నీళ్లూ ఇస్తే ఈ మొక్క ఎంత పెరుగుతుందని కంప్యూటర్‌ను అడుగుతాం. వాన ముఖం చాటేసిన ఏడాది వేరుశనగ ఎక్కడ కుంటుపడుతుందో, ఏ రకం కాస్త తట్టుకుంటుందో, పొలంలో విత్తకముందే కొంత తెలుస్తుంది. అనంతపురం జిల్లాలో పుట్టినదాన్ని కాబట్టి ఈ పని ఎందుకో నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎలాగో మాత్రం మొత్తం మేడమే చెప్పాల్సి వచ్చింది. నేను చదివింది కంప్యూటర్లు. ఆకుకు రెండు వైపులుంటాయని తప్ప ఇంకేమీ తెలియదు.

చేరిన రోజు నన్ను కూర్చోనివ్వలేదు. నాలుగో అంతస్తు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కింద రాయదుర్గం కూడలి చూపించారు.

"ఏం కనవడ్తున్నది?"

"ట్రాఫిక్ మేడమ్."

"ఎన్ని బండ్లొస్తున్నయో అన్ని పోతున్నయా?"

"పోతాండాయి మేడమ్."

"పోకపోతె?"

"జామ్ అయితాది."

"గంతే. ఆకుల గూడ గంతే. వచ్చింది వచ్చినట్టు పోవాలె. నడుమ ఏది పోగువడొద్దు, ఏది గాల్లకెళ్లి పుట్టొద్దు. గిది యాదుంచుకుంటె సగం పని అయినట్టే. మిగిలిన సగానికి ఒక పదేండ్లు వడ్తది. ఫికర్ చెయ్యకు."

ఆ తర్వాతే కుర్చీ చూపించారు. ఇప్పటికీ ఆ కూడలిలో ఆటోలో ఇరుక్కుపోయినప్పుడు నాకు కోపం రాదు, ఆకు గుర్తొస్తుంది.

మేడమ్‌ది ఖాజాగూడ. మా ఆఫీసులో మిగతా అందరం ఎక్కడెక్కడి నుంచో వచ్చి కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లమే. ఆవిడ ఒక్కరే పుట్టిన చోటి నుంచి ఆఫీసుకు వచ్చేవారు. ఓసారి పైకప్పు మీద కుండీలు తూస్తూ దూరంగా ఒక అద్దాల భవనం చూపించి, "ఆడ మా నాయిన జొన్నలేసేటోడు," అన్నారు. నేనేదో జాలిగా అనబోతే, "ముంగట కాటా చూడు, ముల్లు కదుల్తున్నది," అన్నారు. అంతే. ఆ పొలం సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇలాంటి వ్యాసాల్లో పోయినవాళ్లంతా దేవుళ్లైపోతారు. మేడమ్ దానికి ఒప్పుకోరు కాబట్టి ఆవిడ కోపం గురించి కూడా రాస్తాను. మొక్కల షెడ్డులోకి చెప్పులతో వస్తే ఎవరినైనా సరే బయటికి పంపేవారు. మా క్యాంటీన్‌లో ఒకసారి చల్లారిన ఇడ్లీ పెట్టారని మూడేళ్లు అక్కడ కాలు పెట్టలేదు. లిఫ్టులో జనం పనికిమాలిన మాటలు మాట్లాడతారని నాలుగంతస్తులూ మెట్లెక్కేవారు, మమ్మల్నీ ఎక్కించేవారు. ఒక్కోసారి తప్పు ఒకరిదైతే చీవాట్లు ఇంకొకరికి పడేవి. తర్వాత తెలిసినా క్షమాపణ చెప్పేవారు కాదు. మర్నాడు ఆ మనిషి బల్ల మీద ఉడకబెట్టిన కాయల పొట్లం ఒకటి ఉండేది. అది చూసి మేం అర్థం చేసుకోవాలి.

ఆ కాయల పేరు మీద కూడా మాకు తగువే. ఆవిడకు పల్లికాయ, నాకు శెనక్కాయ, మా నివేదికల్లో వేరుశనగ. "మూడు పేర్లు వెట్టినం దీనికి, ఒక్క మోడల్ సక్కగ చెయ్యనీకి వస్తలేదు," అనేవారు.

ఆవిడ దగ్గర రెండు నియమాలుండేవి. మొదటిది సాక్షి గడి. మోడల్‌లో ఏ కొత్త సమీకరణం చేర్చినా దాని పక్కన ఒక గడి ఉంటుంది. ఈ మార్పు నిజంగా ఈ మొక్కలో జరుగుతుందని నీకెలా తెలుసో అందులో రాయాలి. ఎవరి కొలతో, ఏ పుస్తకంలో ఏ పేజీయో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే సమీకరణం లోపలికి వెళ్లకుండా ఆవిడే ఏర్పాటు చేయించారు. మొదట్లో మాకది చాదస్తమనిపించేది. "సాక్షి లేనిది మొక్క నోట్ల వెట్టొద్దు బిడ్డా," అనేవారు.

రెండోది చీకటి పరీక్ష. మోడల్ ఎంత బాగా పనిచేసినా చివర్లో వెలుతురును సున్నా చేసి మళ్లీ నడపాలి. దాచుకున్న పిండి కూడా లేకుండా, వెలుతురు లేకుండా మొక్క పెరగకూడదు. జవాబు సున్నా రావాలి. సున్నా కాకుండా ఏ కొంచెం వచ్చినా, ఎక్కడో ఒక సమీకరణం ఏమీ తీసుకోకుండా శక్తిని పుట్టిస్తోందన్నమాట. ఆ మొక్క గాలిలో మేడ కడుతోంది. మా నలుగురిలో ఎవరు ఏ గ్రాఫ్ పట్టుకుని వెళ్లినా మేడమ్ మొదటి మాట ఒకటే. "లైటు బంద్ చేసి చూసినవా?" గ్రాఫ్ మరీ అందంగా ఉంటే ఆ మాట ఇంకాస్త గట్టిగా వచ్చేది. "మంచిగొచ్చిన జవాబు మీదనే ఎక్కువ అనుమానముండాలె. ఊరికె వచ్చేది ఏది లేదు."

ప్రతి శుక్రవారం సాయంత్రం మేడమ్ ఇంటి నుంచి ఒక గిన్నెడు ఉడికిన కాయలు వచ్చేవి. కిటికీ దగ్గర బల్ల చుట్టూ కూర్చుని ఒలుచుకుంటూ ఆ వారం పని మాట్లాడుకునేవాళ్లం. కిటికీ గట్టు మీద ఒక కుండీ ఉండేది. అది లెక్కల్లోది కాదు, ఊరికే పెంచుకునేది. పొద్దు వాలే వేళకు వేరుశనగ ఆకులు ముడుచుకుంటాయి. ఒక్కో ఆకుకు నాలుగు రెబ్బలు, రెండు జతలు. జతలోని రెబ్బలు మెల్లగా పైకి లేచి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఎంత ముఖ్యమైన మాట నడుస్తున్నా మేడమ్ చెయ్యెత్తి ఆపేవారు. "చూడుండ్రి, దుకాణం బంద్ వెడ్తున్నది." ప్రతి వారం చూసిందే అయినా ఐదుగురం చూసేవాళ్లం.

తర్వాత అందరూ వెళ్లిపోతే, నేను గిన్నె కడిగి ఇచ్చేదాన్ని. మేడమ్ బల్ల మీది పొట్టంతా అరచేత్తో ఒకచోటికి చేర్చి అడిగేవారు, "ఏమన్న చెప్పేదున్నదా బిడ్డా?"

"ఏం లేదు మేడమ్."

"సరే తియ్."

ఈ ప్రశ్న మొదటి నుంచీ ఉన్నది కాదు. రెండేళ్ల కిందట మొదలైంది. ఎందుకు మొదలైందో నాకు మేడమ్ పోయాకే తెలిసింది. ఇది రాయడానికి కారణం కూడా అదే. మిగతాదంతా మా ఆఫీసులో ఎవరైనా నాకంటే బాగా రాయగలరు.

రెండేళ్ల కిందట మా గ్రూపును ఉంచాలా మూసేయాలా తేల్చడానికి హెడ్డాఫీసు నుంచి మనుషులొస్తున్నారని కబురొచ్చింది. అప్పుడు ఆకు మోడల్ నా చేతిలో ఉండేది. పైకప్పు మీది మొక్కలు నిజంగా ఎంత పెరుగుతున్నాయో మాకు తెలుసు. కంప్యూటర్లోని మొక్క ఎప్పుడూ అంతకంటే తక్కువే పెరిగేది. ఎక్కడో ఏదో వదిలేశాం, అదేమిటో దొరకడం లేదు. కబురొచ్చాక కూడా వారాలు గడిచాయి. వాళ్లు రేపు వస్తారనగా మధ్యాహ్నం, మేడమ్ పైకప్పు మీద ఉన్నప్పుడు, నేను ఒక సమీకరణం చేర్చాను. ఏమీ తీసుకోకుండా కాస్త శక్తినిచ్చే సమీకరణం. అసలుది దొరికేదాకా ఉంటుంది, తర్వాత తీసేద్దాం అనుకున్నాను. సాక్షి గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు కదా. అందులో మేడమ్ కుండీల కొలతలు రాసుకునే నోటు పుస్తకం పేరు రాశాను. నాలుగో పుస్తకం, అరవై రెండో పేజీ. నోటికొచ్చిన అంకె. ఆవిడ పుస్తకాన్ని తనిఖీ చేసే ధైర్యం ఎవరికుంటుంది అనుకున్నాను.

మోడల్ నడిపితే గీత మీద గీత పడినట్టు అంకెలు కలిశాయి.

చీకటి పరీక్ష మళ్లీ చేయలేదు. పొద్దున ఒకసారి చేశాం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకు. చేస్తే ఏమొస్తుందో తెలుసు కాబట్టే చేయలేదు.

మేడమ్ కిందికి వచ్చారు. చేతులకు ఇంకా మట్టి ఉంది. తెర దగ్గరికి వంగి గ్రాఫ్ చూశారు. ఆ ముఖం నేను మరచిపోలేను. ఆరేళ్లుగా పట్టుబడనిది పట్టుబడిందన్న సంతోషం అది.

"లైటు బంద్ చేసి చూసినవా?"

"చూసినాను మేడమ్."

ఆ రెండు మాటలే. నాతో అంత సంతోషంగా ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. "పో, ఇయ్యాల జల్ది ఇంటికి పో. మంచిగ తిని పండుకో," అన్నారు.

మర్నాడు మేడమ్ ఆ గ్రాఫ్ చూపించారు. వచ్చినవాళ్లు తలలూపారు. వారానికి కబురొచ్చింది, గ్రూపు ఉంటుందని. ఈలోపే, సమావేశమైన మూడో రోజు, మేడమ్ నా బల్ల దగ్గరికొచ్చి, "ఆకు ఇగ నేను చూస్కుంట. నువ్వు వేర్ల పని వట్టు," అన్నారు. ముఖంలో ఏమీ కనిపించలేదు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఆ ఫైల్ మళ్లీ తెరవాల్సిన పని లేదు. తెరవలేదు కూడా. వేర్ల పని బాగానే చేశాను, నియమం ప్రకారం ప్రతి గడీ నింపాను. లోపల మాత్రం ఐదుగురి ఉద్యోగాలు నా అబద్ధం మీద నిలబడి ఉన్నాయని రోజూ గుర్తొచ్చేది. ఆ శుక్రవారమే మేడమ్ మొదటిసారి అడిగారు, ఏమన్నా చెప్పేదుందా అని. ఊరికి వెళ్లడానికి సెలవు కావాలేమో అని అడుగుతున్నారనుకున్నాను. ఉద్యోగం మారతానేమో అని అనుమానిస్తున్నారేమో అనుకున్నాను. తెలిసి ఉంటుందని మాత్రం అనుకోలేదు. తెలిస్తే ఆవిడ కోపం నాకు తెలుసు కదా, మా అంతస్తు అంతా వినిపిస్తుంది.

పోయిన ఏడాది ఆవిడకు క్యాన్సర్ అని తేలింది. దవాఖానకు వెళ్లొచ్చిన మర్నాడే తలకు నూలు గుడ్డ చుట్టుకుని ఆఫీసుకు వచ్చారు. అప్పుడు కూడా మెట్లే. రెండో అంతస్తు మలుపులో గోడకు ఆనుకుని నిలబడేవారు. నేను వెనకే ఉండి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేదాన్ని. పట్టుకోబోతే తిట్టేవారు.

ఆ రోజుల్లోనే మేం రాత్రిపూట ఆకు ఏం చేస్తుందో మోడల్‌లోకి ఎక్కిస్తున్నాం. పగలంతా ఆకు కాస్త పిండి దాచుకుంటుంది. రాత్రి వెలుతురుండదు కాబట్టి దాన్ని తింటుంది. అందులో వింతేమిటంటే, రాత్రి ఎంత పొడుగో ఆకుకు ముందే తెలిసినట్టు ఉంటుంది. ముందే మింగేయదు, మిగల్చదు. తెల్లవారేసరికి దాదాపు అయిపోయేలా సమంగా పంచుకుంటుంది. మేడమ్ దాన్ని చెప్పే తీరు వేరు. "సలికాలం రాత్రి పొడుగు గద. అప్పుడు జర పొదుపుగ తింటది. తెల్లారేటాల్లకు గిన్నె అడుగు కనవడ్తది, గంతే. గిట్ల లెక్కగట్టి తినేది మనకు రాదు."

ఆవిడకు వచ్చు. రోజుకు రెండు గంటలు మాత్రమే పనిచేయగలిగే స్థితి వచ్చాక, ఆ రెండు గంటల్ని ముందే పంచి ఒక కాగితం మీద రాసి పెట్టుకునేవారు. మాలో ఒక్కొక్కరికి ఇంతసేపు, కుండీలకు ఇంతసేపు. నా పేరు ఎదురుగా మిగతావాళ్లకంటే ఐదు నిమిషాలు ఎక్కువ ఉండేది. ఆ ఐదు నిమిషాల్లో పని మాటలేవీ ఉండేవి కావు. చెల్లెలు "తెల్లారంగ పోయింది" అన్నప్పుడు నాకు వెంటనే ఆ గిన్నె అడుగే గుర్తొచ్చింది. మనిషిని ఆకుతో పోలిస్తే మేడమ్ కోప్పడతారని తెలుసు. అయినా గుర్తొచ్చింది.

చివరిసారి నేను వాళ్లింటికి వెళ్లింది ఆవిడ పోవడానికి పది రోజుల ముందు. ఆ రోజు చెప్పేయాలని గట్టిగా అనుకునే వెళ్లాను. ఆటోలో ఖాజాగూడ చేరేదాకా ఒకే వాక్యం మనసులో తిప్పుకున్నాను. మేడమ్, ఆ రోజు నేను లైటు బంద్ చేసి చూడలేదు. అంతే, ఒకే వాక్యం.

మంచం మీద చిన్నపిల్లలా ఉన్నారు. చెల్లెలు జొన్న జావ పట్టుకుని పక్కన కూర్చున్నారు. మేడమ్ మొదట కుండీల బరువులు అడిగారు. నేను ఫోన్లోంచి చదివి వినిపించాను. పదకొండో కుండీ దగ్గర ఆపి, "గది ఎక్కువ తాగుతున్నది, వేరు చూడు," అన్నారు. తర్వాత చెల్లెలి వంక చూశారు. ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లారు. ఎందుకు వెళ్లారో అప్పుడు నాకు తట్టలేదు.

"ఏమన్న చెప్పేదున్నదా బిడ్డా?"

వాక్యం నాలుక మీదే ఉంది. ఆవిడ మణికట్టు చూశాను. నా రెండు వేళ్లంత లేదు. ఇలాంటప్పుడు ఎందుకు కష్టపెట్టడం అనుకున్నాను. నా పిరికితనం ఆ రోజు దయలా వేషం వేసుకుని వచ్చింది.

"ఏం లేదు మేడమ్. మీరు బాగైతే సాలు."

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేశారు. అసలు బరువే లేదు. "సరే తియ్. మల్ల వస్తవ్ గద," అన్నారు.

"వస్తాను మేడమ్. వచ్చే వారం వస్తాను."

వెళ్లలేదు. పని ఉందనుకున్నాను. నిజంగా పని ఉంది కూడా. కానీ ఖాజాగూడ ఎంత దూరమని.

సంతాప సమావేశం మా నాలుగో అంతస్తులోనే పెట్టారు. మేడమ్ ఫోటోకు దండ వేస్తే ఆవిడలా లేరు. రెండేళ్ల కిందట వచ్చిన హెడ్డాఫీసు పెద్దాయన కూడా వచ్చారు. కృష్ణా జిల్లా ఆయన, మెల్లగా మాట్లాడతారు. లేచి నిలబడి అన్నారు:

"ఒక్క సంగతి చెప్పి కూర్చుంటానండి. ఆ రోజు మేం చూసి వెళ్లిన రెండో రోజు మేడమ్ గారు మాకు ఉత్తరం రాశారు. చూపించిన అంకెల్లో తప్పుందండి, సాక్ష్యం లేని సమీకరణం ఒకటి లోపలికి వచ్చింది, చీకటి పరీక్ష నేను దగ్గరుండి చేయించాల్సింది, చేయించలేదు, తప్పు నాది అని రాశారు. సరిచేసిన అంకెలు కూడా పంపారు. అవేం గొప్పగా లేవండి. నిజం చెప్పాలంటే ఆ గ్రాఫ్ చూసి మేం ఈ గ్రూపును ఉంచలేదు. మూసేద్దామనే అనుకుని వెళ్లాం. ఆ ఉత్తరం చదివాక మనసు రాలేదండి."

అందరూ ఫోటో వంక చూస్తున్నారు. నేను నేల వంక చూస్తున్నాను. రెండేళ్లుగా నా అబద్ధం మీద నిలబడ్డాయనుకున్న ఉద్యోగాలు ఆవిడ నిజం మీద నిలబడి ఉన్నాయి. నా తప్పును తన పేరు మీద రాసుకుని, నన్ను ఒక్క మాట అనకుండా, రెండేళ్లు ప్రతి శుక్రవారం నన్ను అడిగారు. చెప్పే అవకాశం రాలేదని అనుకోవడానికి కూడా లేదు. ప్రతిసారీ అడిగారు కదా.

సమావేశం అయ్యాక చెల్లెలు నోటు పుస్తకాల సంచి నా చేతికిచ్చారు. "నీకే ఇయ్యమన్నది. ఎందుకో చెప్పలే," అన్నారు.

నాలుగో పుస్తకం తీశాను. అరవై రెండో పేజీ. అందులో ఒక తేదీ, దాని కింద రెండే మాటలు. "వాన. తూయలేదు." పేజీ అంతా ఖాళీ. కొలవని రోజు కొలవలేదని రాసుకున్న మనిషి పుస్తకాన్ని నేను దొంగ సాక్షిగా వాడుకున్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం కాయలు నేనే ఉడకబెట్టి తెచ్చాను. నలుగురం కూర్చున్నాం. ఉప్పు ఎక్కువైంది, ఎవరూ అనలేదు. వాళ్లు వెళ్లాక ఆకు ఫైల్ తెరిచాను, రెండేళ్ల తర్వాత. ఆ సమీకరణం ఇంకా ఉంది. తీసేయలేదు, పనిచేయకుండా ఆపి పెట్టారు. సాక్షి గడిలో మేం అందరం ఇంగ్లీషులో రాస్తాం. నా దొంగ సాక్ష్యం కింద మేడమ్ రాసింది మాత్రం తెలుగులో ఉంది. తేదీ ఆ సమావేశమైన రెండో రోజుది.

"ఇది నా పుస్తకంల లేదు. బంద్ వెట్టిన. పెట్టినామె ఒక దినం వచ్చి చెప్తది. అప్పటిదాక గీ లైను ఎవరు తీసెయ్యొద్దు."

బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాలుగంతస్తులకూ వినబడేలా తిట్టి, మర్నాడు కాయల పొట్లం పెట్టి ఉంటే ఎంత బాగుండేది. కానీ తిడితే నేను ఒప్పుకునేదాన్ని, చెప్పేదాన్ని కాదు. ఆవిడకు కావాల్సింది నేను చెప్పడం. దానికోసం తన పని మధ్యలో ఒక తప్పుడు వరుసను రెండేళ్లు అలాగే ఉంచుకున్నారు. ఒక్క అక్షరం అటూ ఇటూ ఐతే ఊరుకోని మనిషి.

ముఖం తుడుచుకుని ఆవిడ వాక్యం కింద నేనూ తెలుగులోనే రాశాను. "ఇది పెట్టింది నేను. భయపడి పెట్టాను. మేడమ్ పుస్తకంలో ఉందని అబద్ధం రాశాను. లైటు బంద్ చేసి చూశానని అబద్ధం చెప్పాను." కింద నా పూర్తి పేరు రాశాను. సోమవారం మిగతా ముగ్గురికీ చూపించాను. హెడ్డాఫీసుకూ రాశాను. వాళ్లు ఏం చేస్తారో ఇంకా తెలియదు. ఏం చేసినా సరే.

కానీ అదంతా తర్వాత. ఆ సాయంత్రం మాత్రం వెలుతురును సున్నా చేసి మోడల్ నడిపాను. ఆవిడ సరిచేసి ఉంచిన మొక్క అది. కాసేపు ఆలోచించి జవాబిచ్చింది. సున్నా.

ఇక ఆ వరుస తీసేయవచ్చు. వేలు మీట మీదే పెట్టుకుని కూర్చున్నాను. తీసేయలేకపోయాను. మేడమ్ రాసిన మాట అక్కడ ఉంది.

కిటికీలో కూడలి నిండా బండ్లు. ఎదుటి భవనంలో దీపాలు ఒక్కో అంతస్తూ వెలుగుతున్నాయి. బల్ల మీది పొట్టును అరచేత్తో ఒకచోటికి చేర్చాను. ఎందుకు చేశానో తెలియదు, చెయ్యి దానంతటదే చేసింది. గది ఖాళీగా ఉంది. గట్టు మీది కుండీలో ఆకుల రెబ్బలు అప్పుడే లేవడం మొదలుపెట్టాయి.

"చెప్పేదుంది మేడమ్," అన్నాను.

మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, పైకే, ఒక్కటీ దాచకుండా. నేను చెప్పడం అయ్యేసరికి ఆకులన్నీ ముడుచుకున్నాయి.